మిల్లులో ఇల్లు

మా హాలు మధ్యలో ఒక ఇనప స్తంభం ఉంది. పోత ఇనుముది, నేల నుంచి కప్పు దాకా. సోఫా ఎటు జరిపినా టీవీకి అడ్డం వస్తుంది. చేరిన కొత్తలో అర్ధరాత్రి మంచినీళ్ళకి లేచి రెండుసార్లు దానికి భుజం కొట్టుకున్నాను. ఇల్లు చూపించిన రోజు ఏజెంటు మాత్రం దాని మీద చెయ్యేసి, ఫస్ట్ ర్యాంకు తెచ్చుకున్న కొడుకుని చూపిస్తున్నట్టు మురిసిపోతూ, "ఒరిజినల్ ఫీచర్" అంది. నడిమధ్య స్తంభం ఉంది కదా, అద్దె తగ్గుతుందేమో అనుకున్నాను. దానివల్లే పెరుగుతుందట.

నాలుగేళ్ళుగా నేనూ నా భార్యా ఉంటున్నది మాంచెస్టర్‌లో, ఆన్‌కోట్స్ అనే పేటలో. రాచ్‌డేల్ కాలవ ఒడ్డున, రెడ్‌హిల్ స్ట్రీట్ మీద వరసగా నిలబడ్డ పాత నూలు మిల్లుల్లో ఒకదాంట్లో. ఎర్ర ఇటుక గోడలు, లెక్కపెట్టలేనన్ని కిటికీలు. ఒకప్పుడు మా అంతస్తు మొత్తం ఒకటే గది, ఆ చివర నుంచి ఈ చివర దాకా యంత్రాలు. ఇప్పుడు దాన్ని ముక్కలు చేసి ఫ్లాట్లు చేశారు. ఆఫీసుకి పావుగంట నడక. కింద మంచి కాఫీ దొరుకుతుంది. సాయంత్రం పూట కాలవ నీళ్ళ మీద పడ్డ ఎండ మా కప్పు మీద కదులుతూ ఉంటుంది. నాకీ ఇల్లు ఇష్టం. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే మిగతాదంతా ఆ ఇష్టంతో వచ్చిన తంటానే.

ఇల్లు మారిన వారం బాపుకి వీడియో కాల్లో చూపించాను. ఫోన్ గిరగిరా తిప్పుతుంటే స్తంభం కనబడింది.

"ఇంట్ల నడిమిట్ల కంబమేందిరా?"

"గిది పాత మిల్లు బాపూ. నూలు మిల్లు. గిప్పుడు ఇండ్లు జేసిండ్రు."

కాసేపు ఏం మాట్లాడలేదు. నెట్ పోయిందనుకుని ఫోన్ ఊపాను కూడా.

"మిల్లుల ఇల్లా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత నాలుగేళ్ళలో ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మా తాత వరంగల్లులో ఆజంజాహీ మిల్లులో పనిచేశాడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1934లో పెట్టిన మిల్లు అది, ఆయన పెద్దకొడుకు ఆజంజా పేరు మీద. తర్వాతి రోజుల్లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్ళింది. నేను చదువుకునే రోజుల్లో మూతపడింది. దాని భూములు ప్లాట్లయ్యాయి. మిల్లు గోడలు ఇప్పుడు లేవు. ఊళ్ళో దాని పేరు మాత్రం ఇంకా వినబడుతుంది, మిల్స్ కాలనీ పోలీస్ స్టేషన్ అని. వరంగల్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు ఏ మిల్లు అని అడుగుతారు.

* * *

ఆన్‌కోట్స్‌లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. గోడలు ఉండిపోయాయి, పేర్లు మారాయి. మా ఇంటికి కాస్త దూరంలో అనిటా స్ట్రీట్ అని ఒక చిన్న వీధి ఉంది. రెండు పక్కలా ఒకే పోలికలో ఇటుక ఇళ్ళు, ఫొటోలకి బాగుంటుంది. ఎవరో అమ్మాయి పేరు పెట్టారనుకున్నాను. 1890లలో మున్సిపాలిటీ కార్మికుల కోసం నీళ్ళూ దొడ్డీ సౌకర్యాలతో ఇళ్ళు కట్టి, ఆ గొప్ప తెలియాలని వీధికి శానిటరీ స్ట్రీట్ అని పేరు పెట్టిందట. తర్వాతి తరాలకి ఆ అడ్రసు చెప్పుకోవడం నామోషీ అయింది. ఇంగ్లీషు స్పెల్లింగులో ముందు ఒక అక్షరం, చివర రెండక్షరాలు తీసేస్తే అనిటా మిగిలింది. బోర్డు మీద మూడక్షరాలు తగ్గాయి, వీధి వేరే వీధి అయిపోయింది.

ఈ పేట చరిత్ర నాకు బాగా తెలుసు, అని నేననుకునేవాణ్ణి. మనకున్న రోగం అది. ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరి మీద పుస్తకాలు కొంటాం. స్కాట్లండ్ నుంచి వచ్చిన మర్రే సోదరులు 1798లో ఇక్కడ మొదలుపెట్టిన మిల్లు, ఆవిరితో నడిచిన మాంచెస్టర్ నూలు మిల్లుల్లో నేటికీ నిలిచి ఉన్న అతి పాతది. తర్వాత ఇంకో రెండు కట్టి, మధ్యలో నీళ్ళు నింపి, వీధి కింద నుంచి సొరంగం తవ్వి దాన్ని కాలవలో కలిపారు. పడవలు నేరుగా మిల్లు కడుపులోకి వచ్చేవి. 1826లో షింకెల్ అనే ప్రష్యా దేశపు ఆర్కిటెక్ట్ వచ్చి, ఈ కాలవ ఒడ్డు మిల్లుల్ని చూసి బిత్తరపోయి బొమ్మలు గీసుకున్నాడు. ఇంకో పదహారేళ్ళకి ఎంగెల్స్ వచ్చాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, తండ్రికి వాటా ఉన్న నూలు కంపెనీలో పని నేర్చుకోవడానికి. 1845లో అతను అచ్చేసిన పుస్తకంలో ఆన్‌కోట్స్ కూడా ఉంది. షింకెల్ మిల్లుల ఎత్తు చూశాడు. ఎంగెల్స్ వాటి కింద ఇళ్ళు ఎంత పొట్టిగా ఉన్నాయో చూశాడు.

ఇక్కడ వడికింది సన్న నూలు, మస్లిన్ లాంటి పల్చటి బట్టల కోసం. అప్పటి దాకా మస్లిన్ అంటే మన దేశం నుంచి ఓడల్లో వచ్చే సరుకు. యంత్రం ఆ సన్నదనాన్ని అందుకున్నాక ఓడలు ఎదురు దారి పట్టాయి. ఇక్కడ ఆగి ఆవేశపడొచ్చు. మొదటి ఏడాది నేనూ పడ్డాను. ఇంటికి ఫ్రెండ్స్ వస్తే, బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని, స్తంభానికి ఆనుకుని, మన నేతగాళ్ళ పొట్ట కొట్టిన గోడలివి అని లెక్చరిచ్చేవాణ్ణి. అందరూ గంభీరంగా తలూపి పెరుగు చట్నీ వేసుకునేవాళ్ళు.

అది అబద్ధం కాదు. కానీ ఎలిజబెత్ గాస్కెల్ నవల "నార్త్ అండ్ సౌత్" చదివాక అలా చెప్పడం కష్టమైంది. మాంచెస్టర్‌కి ఇంకో పేరు పెట్టి ఆవిడ 1854లో సీరియల్‌గా మొదలుపెట్టిన నవల. అందులో బెస్సీ అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి దూది ఏకే గదిలో పనిచేసి, గాల్లో ఎగిరే నూగు ఊపిరితిత్తుల్లో పేరుకుని చచ్చిపోతుంది. ఆ నూగుని బయటికి లాగేసే చక్రాలు అప్పటికే ఉన్నాయని, కానీ డబ్బు దండగని కొందరు యజమానులు పెట్టించరని తనే చెబుతుంది. నవలగా దాంట్లో నాకు నచ్చనివి ఉన్నాయి. చివర్లో డబ్బూ ప్రేమా కలిసొచ్చి మిల్లు గట్టెక్కే తీరు మరీ సుళువుగా అనిపించింది. కానీ బెస్సీ మాట్లాడే పేజీలు చదువుతూ తలెత్తి మా కప్పు చూశాను. ఆ ఇటుకల సందుల్లో ఏముండేదో, వాటిని ఇసకతో రాపాడించి శుభ్రం చేసినప్పుడు ఏం రాలిందో.

ఇక్కడ పిల్లలు పనిచేశారు. నూలు వడికే యంత్రం ముందుకీ వెనక్కీ కదులుతుంటే దాని కిందకి పాకి దూది ఏరేవాళ్ళు. వడికేవాళ్ళు చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు, నూనె కారిన నేల మీద కాలు జారకుండా. సన్న నూలు తెగకూడదంటే గది ఎప్పుడూ వేడిగా, తేమగా ఉండాలి. అంటే వరంగల్ వానాకాలాన్ని కిటికీలు మూసి సంవత్సరమంతా లోపల ఉంచేశారన్నమాట. ఇక 1931 సెప్టెంబర్‌లో గాంధీ లాంక్‌షైర్‌కి వచ్చినప్పటి ఫొటో అందరూ చూసిందే. విదేశీ బట్ట బహిష్కరణ దెబ్బ కూడా పడ్డ మిల్లు కార్మికులు, ఆడవాళ్ళు, ఆయన చుట్టూ చేరి కేరింతలు కొడుతుంటారు. వాళ్ళకి ఎవరి మీద కోపం రావాలో ఆ ఫొటోలో తెలీదు. ఇంకో మూడేళ్ళకి వరంగల్లులో మిల్లు మొదలైంది. ఆ కాలంలో మన మిల్లులకి యంత్రాలు చాలావరకు లాంక్‌షైర్ నుంచే వచ్చేవి. తాత నడిపిన సాంచా మీద ఏ ఊరి పేరు పోతపోసి ఉండేదో నేను ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. అడగాలని తెలిసేనాటికి ఆయన లేడు.

* * *

పోయిన ఏడాది జూన్‌లో బాపు వచ్చాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆయనొక్కడే వచ్చాడు. అదే నెలలో మా ఇంటి ఓనరు ఫ్లాట్ అమ్మేస్తానని, ముందు మమ్మల్నే అడుగుతున్నానని చెప్పాడు. కొనాలా, వద్దా అనేది ఇంట్లో రోజూ నడుస్తున్న చర్చ.

మొదటి రోజు పొద్దున నేను లేచేసరికి బాపు స్తంభం ముందు నిలబడి ఉన్నాడు. ఉంగరం వేలితో టకటకా కొట్టి చూశాడు.

"లోపట బోలు ఉన్నది."

నాలుగేళ్ళలో నేను దాన్ని కొట్టి చూడలేదు.

ఆ సాయంత్రం పేటంతా తిప్పి చూపించాను. నా లెక్చరు నా దగ్గర సిద్ధంగా ఉంది. సెయింట్ పీటర్స్ చర్చి దగ్గర ఆగాం. అదిప్పుడు చర్చి కాదు, హాలె ఆర్కెస్ట్రా వాళ్ళు రిహార్సల్ చేసుకునే చోటు. లోపల్నుంచి వయొలిన్లు వినబడుతున్నాయి, ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ. గ్రేట్ ఆన్‌కోట్స్ స్ట్రీట్ మీద 1939 నాటి డైలీ ఎక్స్‌ప్రెస్ నల్ల అద్దాల భవనం చూపించాను. రాత్రుళ్ళు పేపరు అచ్చవుతుంటే జనం బయట నిలబడి అద్దాల్లోంచి చూసేవాళ్ళని చెప్పాను. ఐర్లండ్ వాళ్ళొచ్చారు, ఆ తర్వాత ఇటలీ వాళ్ళొచ్చి ఐస్‌క్రీములు అమ్మారు, ఇప్పుడు మాలాంటి వాళ్ళం లాప్‌టాప్‌లతో వచ్చాం అన్నాను. మధ్యలో చాలా ఏళ్ళు ఇవన్నీ పాడుబడి, కిటికీల్లోంచి చెట్లు మొలిచి ఉండేవని, 1989లో దీన్ని కాపాడాల్సిన ప్రాంతంగా ప్రకటించారని చెప్పాను. బాపు వింటూ నడిచాడు. ఆయన చూపు మాత్రం గోడల కింది భాగం మీదే ఉంది. ఏదో పారేసుకున్నవాడిలా.

చివరికి రెడ్‌హిల్ స్ట్రీట్ మొదట్లో నిలబడి అడిగాడు.

"గేటేది?"

"ఏ గేటు?"

"డ్యూటీ దిగినంక అందరు ఏ గేట్లకెళ్ళి బయటికొచ్చేటోళ్ళు?"

మిల్లు ఏ ఏడాది కట్టారో నాకు తెలుసు. ఎవరు బొమ్మ గీశారో తెలుసు. ఏ పుస్తకంలో ఎక్కడుందో తెలుసు. ఒక్క మిల్లులోనే వెయ్యి మందికి పైగా పనిచేసేవాళ్ళని కూడా తెలుసు. ఆ వెయ్యి మంది సాయంత్రం ఏ దారిన ఇంటికెళ్ళేవాళ్ళన్న ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు.

"తెల్వది బాపు," అన్నాను.

"మిల్లంటే గేటే కదరా," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. పదేళ్ళప్పుడు తాతకి అన్నం గిన్నె పట్టుకెళ్ళడం ఆయన పని. సైరన్ మోగగానే గేటు దగ్గర నిలబడాలి. లోపల్నుంచి వందల మంది ఒక్కసారి వస్తారు, అందరి తల మీదా దూది. నల్ల జుట్టువాళ్ళు కూడా ముసలివాళ్ళలా కనబడతారు. మొదటి రోజు తండ్రిని గుర్తుపట్టలేక ఏడ్చేశాడట. మర్నాడు తాత చెప్పాడట, నువ్వు నన్ను వెతకకు, పాన్ డబ్బా పక్కన నిలబడు, నేనే చూస్తా అని. సాంచాల చప్పుడులో మాట వినబడదు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళు పెదాలు చూసి మాట పట్టేవాళ్ళు. అది వాళ్ళకి ఇంట్లో కూడా అలవాటైపోయింది. గుంపు మధ్యలోంచి తాత గొంతు ఎత్తకుండా, పెదాలు మాత్రం పెద్దగా కదిలిస్తూ "తిన్నవా?" అని అడిగేవాడట. బాపు వీధి మధ్యలో నిలబడి చేసి చూపించాడు. పక్కనుంచి కుక్కని తిప్పుతూ వెళుతున్న ఒకాయన తననే పలకరించారనుకుని చెయ్యూపాడు.

లాంక్‌షైర్ నేతపనివాళ్ళకీ సరిగ్గా ఇదే విద్య ఉండేది. దాన్ని వాళ్ళు మీ-మా అనేవాళ్ళు. ఆ సంగతీ నాకు తెలుసు, పుస్తకంలో చదివాను. చెప్పబోయి ఊరుకున్నాను.

ఇంటికి ఎవరొచ్చి "మీ బాపు ఏడి?" అని అడిగినా పిల్లలందరూ నేర్చుకున్న జవాబు ఒకటేనట, "మిల్లుల ఉన్నడు." డ్యూటీ లేని రోజున, తాత లోపలి గదిలో పడుకుని ఉన్నప్పుడు కూడా, అప్పులవాళ్ళకి అదే జవాబు.

కొన్నేళ్ళ కిందట నా ఇంటర్ ఫ్రెండ్ ఒకడు ఆ మిల్లు భూముల్లో ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి ఇద్దరం వెళ్ళాం. బాపు భోజనం చేశాడు, చదివింపులిచ్చాడు, వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. ఆ చోటు గురించి ఒక్క మాట అనలేదు. నేను కూడా అడగలేదు. ఇప్పుడు అడిగాను, ఆ రోజు ఎందుకేం చెప్పలేదు అని.

"ఏం జెప్పాలె? గోడ ఉంటే కద, గీడికెళ్ళి గాడికి అని చెప్పేది. అన్ని ఒక్క తీర్గ ఇండ్లే. గేటు ఏ దిక్కున్నదో నాకే సమజ్ కాలే."

ఆయన ఆ వీధిలో ఇటు రెండుసార్లు, అటు రెండుసార్లు నడిచాడు. చివరికి ఒక పాత కమాను దగ్గర ఆగాడు. బండి పట్టేంత వెడల్పు. దాని రాళ్ళు ఒక మూల నున్నగా అరిగి ఉన్నాయి. "గిదే," అన్నాడు. ఆధారం ఏమీ లేదు. సరుకు బళ్ళు తగిలి అరిగి ఉండొచ్చు. నేను గూగుల్ చెయ్యలేదు. ఎదురుగా ఇప్పుడు కాఫీ షాపు ఉంది. పాన్ డబ్బా ఉంటే అక్కడే ఉండాలి అన్నాడు.

* * *

రాత్రి భోజనాలయ్యాక కొనే సంగతి తీశాను. ఇంగ్లండ్‌లో ఫ్లాట్ కొంటే సాధారణంగా లీజు మీదే కొంటారని, భూమీ గోడా మనవి కావని వివరించాను. బాపు వరసగా అడిగాడు.

"ఎన్నేండ్లు?"

"రెండు వందల చిల్లర."

"బయటి గోడ నీదేనా?"

"కాదు."

"కిటికి?"

"మార్చాల్నంటే పర్మిషన్ గావాలె. చరిత్ర ఉన్న బిల్డింగ్ గద."

"కంబం?"

"దాన్నయితే ముట్టుకోవద్దు."

"నెలనెలా కట్టుడు ఉంటదా?"

"సర్వీస్ చార్జని ఉంటది."

కాసేపు ఆలోచించి, "అయితే క్వార్టర్ రా ఇది," అన్నాడు.

నా భార్య పకపకా నవ్వింది. నేను లీజుకీ క్వార్టర్‌కీ ఉన్న తేడా చెప్పాను. అమ్ముకోవచ్చు, లోన్ తీసుకోవచ్చు, పిల్లలకి ఇవ్వొచ్చు. ఆయన తలూపాడు. బాపు పుట్టింది మిల్లు క్వార్టర్‌లోనే. మిల్లు పోయాక తాత కరీమాబాద్‌లో రెండు గదుల ఇంట్లో చేరాడు. క్వార్టర్ అనే మాటలో ఆయనకి వెక్కిరింపేమీ లేదని నాకు కాసేపటికి తెలిసింది. పని ఉన్నన్నాళ్ళు ఉండే ఇల్లు. నా వీసా, నా ఉద్యోగం, నా లోన్ చూస్తే అది నిజమే కదా.

ఇంకో విషయం మాత్రం చర్చలో రాలేదు, నాకు నేనే చెప్పుకున్నాను. ఈ పేటలో కొత్తగా వచ్చిన ఇళ్ళల్లో మామూలు జీతాల వాళ్ళకి అందే అద్దెలు ఎన్ని అనే గొడవ ఈ ఊళ్ళో ఏళ్ళుగా ఉంది. ఒకప్పుడు ఈ అంతస్తులో పనిచేసినవాళ్ళ ముని మనవలు ఎవరైనా ఈ ఊళ్ళోనే ఉంటే, వాళ్ళు ఈ ఫ్లాట్ కొనగలరా? చాలామంది కొనలేరు. ఒక మిల్లు కార్మికుడి మనవడు కొంటున్నాడు, కానీ ఈ మిల్లు కాదు. ఆ తేడా ఊళ్ళో ఎవరికీ కనబడదు. నాకు కనబడుతుంది. అయినా కొన్నాం. స్తంభం కోసం కాదు, తాత కోసం అంతకన్నా కాదు. ఆఫీసు దగ్గర, వెలుతురు బాగుంటుంది. ఇద్దరికీ ఇష్టం. అంతకు మించిన కారణం వెతికితే మళ్ళీ బిర్యానీ ప్లేటు లెక్చరు అయిపోతుంది.

ఒకటి మారింది. ఇంటికొచ్చినవాళ్ళకి ఇప్పుడు షింకెల్ గురించి చెప్పడం లేదు. ముందు ఆ కమాను దగ్గరికి తీసుకెళ్ళి, ఇది గేటు అయ్యుండొచ్చని మా బాపు అన్నాడు అని చెబుతున్నాను. 

బాపు వెళ్ళేముందు రోజు రాత్రి పెద్దనాన్న వరంగల్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ తెల్లారుతోంది. స్పీకర్‌లో పెట్టకపోయినా ఆయన గొంతు గదంతా వినబడుతుంది. ఎప్పుడొస్తున్నవు, ఏడున్నవు అని అడుగుతున్నాడు.

బాపు స్తంభానికి వీపు ఆనించి, కింద కూర్చుని ఉన్నాడు.

"మిల్లుల ఉన్న," అన్నాడు.